సాయిలు మిరప చేను

తొంభైల చివర్లో, గోపన్‌పల్లి దగ్గర ఒక పేరున్న గోల్ఫ్ క్లబ్బు తన చరిత్ర రాసిపెట్టమంటే కర్నూలు నుంచి వెళ్లాను. వాళ్లిచ్చిన కాగితాల నిండా అధ్యక్షుల పేర్లే. విసుగొచ్చి మైదానంలోకి నడిచాను.

అక్కడ క్లబ్బు అధ్యక్షుడు బంతిని గుంతలోకి కొట్టబోతూ ఆగి, గడ్డి కోస్తున్న ముసలాయన వైపు చూశాడు.

"జర ఎడమ దిక్కు కొట్టుండ్రి సార్," అన్నాడు ముసలాయన, తలెత్తకుండానే. బంతి ఒంపు తిరిగి గుంతలో పడింది.

ఆయన పేరు సాయిలు. "చూడకుండానే ఎట్ల చెప్తివి పెద్దాయనా?" అని అడిగాను.

"గిది మా మిర్ప చేను సార్. ఇరవై ఏండ్లు నీళ్లు కట్టిన. నీళ్లు ఎటు పారుతుండెనో బంతి గూడ అటే పోతది. గడ్డి మారింది గని వాలు మారలే."

"క్లబ్బు ఎప్పుడు మొదలైంది?"

"మా మిర్ప చెట్లు పీకిన ఎండకాలంల."

చరిత్రను ఆ మాటతోనే మొదలుపెట్టాను. పుస్తకం అచ్చయి ఇంటికొచ్చేసరికి ఆ పేజీ లేదు. దాని బదులు అధ్యక్షుడు బంతి కొట్టబోతున్న ఫోటో వేశారు. అందులో ఆయన బంతిని చూడటం లేదు. ఎవరినో అడుగుతున్నట్టు పక్కకు చూస్తున్నాడు.

ఆ పక్కన ఎవరున్నారో నాకు తెలుసు.