నాన్న కంప్యూటర్‌కి రమణ బాబాయ్ చేసిన చివరి రిపేర్

నిన్న పొద్దున చీరాల నుంచి పిన్ని ఫోన్ చేసేసరికి, రమణ బాబాయ్ కదిపిన కర్సర్ ఇంకా నాన్న కంప్యూటర్ స్క్రీన్ మీదే ఉంది.

"అమ్మాయ్, మీ బాబాయ్ ఇక లేడే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు."

గుండెపోటట. ఇంకా నమ్మలేకపోతున్నాను.

బాబాయ్ మా నాన్నకి ప్రాణస్నేహితుడు. చీరాలలో కంప్యూటర్ రిపేర్ షాపు. మిర్చి కొట్ల నుంచి వచ్చిన సిస్టమ్స్ విప్పేటప్పుడు ముక్కుకి రెండు కర్చీఫ్‌లు కట్టుకునేవాడు. "ఈ ఘాటుకి కంప్యూటర్ చావదమ్మాయ్, మనమే చస్తాం" అని నవ్వేవాడు.

నాన్న మంగళగిరిలో చీర అంచులకి డిజైన్లు గీసేవాడు. అన్నీ ఒక్క పాత కంప్యూటర్‌లోనే.

ఆయన పోయాక దాన్ని ఎవరం ముట్టుకోలేదు. ఈమధ్య నాన్న డిజైన్లకి ఆర్డర్లు వచ్చి ఆన్ చేస్తే, తెరుచుకోవడానికే పావుగంట. కొత్తది కొనేద్దాం అన్నాడు మా ఆయన. నాకూ అదే మంచిదనిపించింది.

బాబాయ్‌కి చెబితే కోప్పడ్డాడు.

"కొత్తదాంట్లో మీ నాన్న సాఫ్ట్‌వేర్ ఎక్కదు. ఒక్క డిజైనూ తెరుచుకోదు. పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే పరుగెడుతుంది. నేనొస్తున్నా. దాన్ని కదపకండి."

పోయిన ఆదివారం వచ్చాడు. విప్పితే లోపల ఫ్యాన్ చుట్టూ నూలు పీచు, పిట్టగూడులా.

పాత డిస్క్‌లోవన్నీ కొత్తదానికి ఎక్కించి ఆన్ చేశాడు. అర నిమిషంలో లేచింది.

నాన్న సాఫ్ట్‌వేర్ తెరవగానే, ఆయన చివరిసారి గీస్తున్న డిజైన్ దానంతటదే వచ్చింది.

హంసల వరుస.

చివరి హంసకి తల లేదు.

అది మేమెవరం అంతకుముందు చూడలేదు. బాబాయ్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

"మీ నాన్న టీకి లేచి వెళ్ళినట్టుందమ్మాయ్" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చోలేదు. మిగతా పనంతా నిలబడే చేశాడు.

నిన్న తెల్లవారగానే మళ్ళీ ఫోన్ చేశాడు. "చిన్న పని మిగిలింది, నెట్‌లో ఇక్కడి నుంచే చేసేస్తా. ఆన్ చేసి వదిలెయ్."

అక్కడ చీరాలలో ఆయన మౌస్ కదుపుతుంటే, ఇక్కడ నా ముందు కర్సర్ తిరుగుతోంది. ఖాళీ కుర్చీ ముందు డిజైన్లు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

చివరికి హంసలు వచ్చాయి.

కర్సర్ ఆ తల లేని హంస మెడ దాకా వెళ్ళి ఆగింది.

కాసేపటికి మెల్లగా, వంకరగా, కిందికి జారింది. స్క్రీన్ మూలకి వచ్చి ఆగిపోయింది.

నెట్ పోయిందేమో అనుకున్నాను. విసుక్కున్నాను కూడా. వెళ్ళి పప్పుకి తాలింపు పెట్టుకున్నాను.

అది ఆయన చెయ్యి జారడం.



ఇవాళ చీరాలలో అంత్యక్రియల దగ్గర పిన్నికి చెప్పేశాను, నేను అప్పుడే ఫోన్ చేసి ఉండాల్సిందని. "క్షణంలో పోయాడన్నాడే డాక్టరు. నువ్వేం మనసులో పెట్టుకోకు" అని తనే నా తల నిమిరింది.

ఇంటికి తిరిగొచ్చాక, భయంభయంగానే కంప్యూటర్ తెరిచాను.

ఒక కొత్త ఫోల్డర్ ఉంది. పేరు, "అమ్మాయి కొత్తది కొన్నప్పుడు".

నాన్న డిజైన్లన్నీ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునేలా మార్చి, అందులో పెట్టాడు. హంసలు కూడా ఉన్నాయి. తల మాత్రం ఆయన గీయలేదు.

పాతదే మేలని నాతో అంత వాదించిన మనిషి, అది ఆగిపోయే రోజుకి నన్ను సిద్ధం చేస్తూ పోయాడు.

సెలవు బాబాయ్. చేతిలో ఏ పనీ పెట్టుకోకుండా, ఇక ప్రశాంతంగా పడుకో.