యలమంద బఫర్‌ను పెద్దది చేసిన రోజు

యలమంద పెదకాకానిలో ఇరవై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చుట్టినవాడు. నలభై దాటాక ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నదానికన్నా చెప్పుకున్నదే ఎక్కువని ఇప్పుడు తనే ఒప్పుకుంటాడు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే పానకాలు గారికి ఒక సాఫ్ట్‌వేర్ రాసిచ్చాడు. కొట్టులో మిర్చికి ధర పలకగానే అది ఎనిమిది వందల మంది రైతుల ఫోన్లకు చేరాలి. చేరేది. కాకపోతే పొద్దున పలికిన ధర అన్నాల వేళకు చేరేది.

"ఏమయ్యా యలమందా, దీనికన్నా పోస్టుకార్డు నయం" అన్నారు పానకాలు గారు. "మధ్యాహ్నం లోపు బాగుచెయ్యి. లేదంటే రేపు హైదరాబాదు వాళ్లది పెట్టిస్తా."

యలమంద గబగబా కంప్యూటర్ తెరిచాడు. తను రాసినవాటిలో నలుగురూ వాడుతున్నది అదొక్కటే.

ధరలు బయటికి వెళ్లేముందు కంప్యూటర్లో కాసేపు ఆగే చోటును బఫర్ అంటారు. అక్కడ చోటు చాలడం లేదని యలమంద తేల్చేశాడు. సరుకు కదలకపోతే ఇంకో గోడౌను కట్టే ఊళ్లో పెరిగినవాడికి వేరే ఆలోచన ఎందుకొస్తుంది? బఫర్‌ను పదింతలు చేసి, మీసం దువ్వుకున్నాడు.

ఈసారి ధరలు అసలు బయలుదేరనే లేదు. బఫర్ నిండితేగాని పంపొద్దని రాసిన మహానుభావుడు కూడా తనే.

కొట్టు ముందు కాయలకు తొడిమలు తీస్తున్న భార్య కోటేశ్వరి తుమ్ముతూ అడిగింది. "ఏందయ్యా, ఏం చేశావు?"

"పెద్దది చేశానే. లక్ష ధరలైనా పడతాయి."

"కాయైతే ఏసీ గోడౌన్లో దాస్తే రేపు రేటొచ్చుద్ది. పొద్దుటి ధర దాస్తే ఏమొచ్చుద్దయ్యా?"

యలమంద మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాలిన మోటారు విప్పి తీగ కొస నుంచి చూసుకుంటూ వచ్చినట్టు, ప్రోగ్రామును మొదటి లైను నుంచి చదివాడు. ఒక్కో ధరను ఎనిమిది వందల సార్లు నకలు తీస్తున్నాడు. సంచి నుంచి సంచికి పోసినకొద్దీ కాయ విరుగుతుందని హమాలీలకు నీతులు చెప్పినవాడు! పైగా కొత్తపట్నంలో ఎవరికో సిగ్నల్ లేకపోతే, ఆ ఫోను తీసుకునేదాకా మిగతా అందరినీ నిలబెడుతున్నాడు.

ధరకు ఒక్క నకలే ఉంచాడు. ఏ ఫోనుకు ఎంతవరకు వెళ్లిందో గుర్తు మాత్రం పెట్టాడు. నిండేదాకా ఆగకుండా వచ్చింది వచ్చినట్టే పంపమన్నాడు. సిగ్నల్ లేని ఫోనుకు పాత ధరలు వదిలేసి, చివరిది ఉంచాడు. రాసింది పన్నెండు లైన్లు, తీసేసింది వంద. ఆ వందా నెల రోజులుగా ఊరందరికీ చూపించి మురిసిపోయినవే.

పన్నెండింటికి తేజ రకం మిర్చికి ధర పలికింది. ఆ వెంటనే పానకాలు గారి ఫోను మోగింది. సింగరాయకొండ నుంచి వెంకాయమ్మ అనే రైతు.

"ఏవండీ, ఇప్పుడే ధరొచ్చింది. ఇంత తగ్గిందేందండీ? నా కాయ అమ్మమాకండి!"

కాటా ఎక్కబోతున్న ఆమె బస్తాలు ఆగిపోయాయి. పానకాలు గారు ఫోను పెట్టేసి యలమంద వైపు చూశారు.

"బాగయింది. నా బేరమే పోయింది."

"మరి హైదరాబాదు వాళ్లు..."

"రావద్దంటాలే. నువ్వు మాత్రం ఇవాళ్టికి నా కళ్ల ముందు ఉండమాక."