డిష్ పట్టుకున్న ఆదివారం

మా ఆయన, మా తమ్ముడు కలిసి ఆ చక్రాల ఇల్లు ఎందుకు కొన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరవాడ దగ్గర ఎవరో కాంట్రాక్టరు పని అయిపోయాక వదిలించుకున్న సైటు గది అది. ఇనుప రేకుల గోడలు, కింద చక్రాలు, ముందు జీపుకు తగిలించుకునే కొక్కెం. దానికి విశాఖ వన్ టౌన్‌లో రంగు వేయించి, లోపల రెండు బల్లలు, ఒక గ్యాసు పొయ్యి పెట్టించి, పెందుర్తిలో మా ఇంటి ముందు తెచ్చి నిలబెట్టారు. ఇద్దరూ దాన్ని ట్రైలర్ అనేవారు. నేను డబ్బా అనేదాన్ని. మా ఆయన స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. తమ్ముడు పోర్టులో క్రేను నడుపుతాడు. బతుకంతా ఇనుము మధ్య గడిపినవాళ్ళకి షికారు కూడా ఇనుములోనే కావలసి వచ్చింది.

ఆ డబ్బాకి టీవీ లేకపోతే ఎలా అన్నాడు తమ్ముడు. టీవీ వచ్చింది. టీవీకి డిష్ లేకపోతే ఎలా అన్నారు మా ఆయన. డిష్ వచ్చింది. బిగించడానికి వచ్చిన మనిషి డబ్బా నెత్తిన ఒక గొట్టం నిలబెట్టి, దానికి డిష్ తగిలించి, "ఇది దక్షిణం సూడాలండి" అని ఒక్క మాట చెప్పి, కాస్త అటూ ఇటూ తిప్పాడు. మా వాకిట్లోనే బొమ్మ అద్దంలా వచ్చింది. అతను వెళ్ళిపోయాక తమ్ముడు గొట్టం మీద, డిష్ పట్టీ మీద కలిపి ఒక ఎర్ర రంగు గీత గీశాడు. ఇక ఎక్కడికెళ్ళినా గీతకు గీత కలిపితే చాలు, టీవీ వచ్చేస్తుందట. చాలా తెలివైన పని చేశాడని మా ఆయన మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ మెచ్చుకున్నాను.

ఇక నా సంగతి. మా చర్చి సంఘం క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, నాది వెనక వరుస. పెళ్ళయి ఈ సంఘానికి వచ్చిన నాటినుంచీ అదే వరుస, అదే చోటు, స్తంభం పక్కన. పొట్టిదాన్ని వెనక నిలబెట్టకూడదని ఎవరికీ తోచలేదు, నేనూ అడగలేదు. ముందున్న వాళ్ళ కొప్పులు తప్ప నాకేమీ కనబడవు. నేనూ ఎవరికీ కనబడను. అలాంటిది ఈమధ్య ఒక క్రైస్తవ టీవీ చానెల్ వాళ్ళు కెమెరాలు పట్టుకొచ్చి మా క్వయర్ పాటలు రికార్డు చేశారు. ఒక పాటలో రెండో చరణం ఒక్కరే పాడాలి. ఎప్పుడూ పాడే ఆవిడకి ఆ వారం గొంతు పట్టేసింది. పాటలు నేర్పే మాస్టారు చుట్టూ చూసి, స్తంభం పక్కనుంచి నన్ను పిలిచి ముందు నిలబెట్టారు. తెల్ల చీరల్లో అందరం ఉండగా ఆ చరణం నేనొక్కదాన్నే పాడాను. కెమెరా నావైపు తిరిగిందో లేదో తెలియదు. పాడేటప్పుడు నేను చూడలేదు.

సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు ఒక్కసారి నా మొహం టీవీలో చూసుకోవాలనిపించింది. చుట్టాలకు చూపించుకోవాలని కాదు. ఇన్నాళ్ళు పాడాను కదా, పాడేటప్పుడు నేను ఎలా ఉంటానో నాకే తెలియదు.

ఆ కార్యక్రమం ఆదివారం పొద్దున్నే వేస్తామని చెప్పారు. ఆ శని, ఆదివారాలే మావాళ్ళ మొదటి ప్రయాణం, భీమిలి దాటాక సముద్రం ఒడ్డుకి. నన్ను ఇంట్లో వదిలేసి మీరు వెళ్ళండి అన్నాను.

"ఎందుకే గాబరా? మీద డిష్ ఉంది, లోపల టీవీ ఉంది. సముద్రం ఒడ్డున కూకుని నీ పాట సూద్దుం" అన్నారు మా ఆయన.

శనివారం సాయంత్రానికి చేరాం. సరుగుడు చెట్లు దాటి ఇసుక గట్టిగా ఉన్నచోట డబ్బాని సముద్రానికి ఎదురుగా నిలబెట్టారు. మబ్బు పట్టి ఉంది. తమ్ముడు నిచ్చెనెక్కి గీతకు గీత కలిపాడు.

"గీత కాడికి తెచ్చీసాను బావా. వొచ్చిందేటి?"

"నేదు బావా" అన్నారు మా ఆయన లోపలినుంచి. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, కాబట్టి చీకట్లో వింటే ఒకే మనిషి తనతో తను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

నాకు అనుమానం వచ్చింది. "ఒరే, ఇంటికాడ డబ్బా మొహం గేటువేపు ఉండీది. ఇక్కడ సముద్రంవేపు పెట్టేవు. ఆ గీత ఇక్కడికెలాగ పనికొస్తాది?"

"గీత డిష్‌ది అప్పా, డబ్బాది కాదు" అన్నాడు వాడు. ఎంతో నమ్మకంగా అనేసరికి నాకు కాసేపు నా అనుమానమే తప్పేమో అనిపించింది. మా ఆయన బయటికొచ్చి గొట్టాన్నీ, డబ్బానీ, సముద్రాన్నీ మార్చి మార్చి చూసి, గీత సంగతి ఇంక ఎత్తలేదు.

టీవీలో రెండు గీతలు చూపిస్తోంది. ఒకటి స్ట్రెంగ్త్, నిండుగా ఉంది. ఇంకోటి క్వాలిటీ, సున్నా. బలం ఉండి గుణం లేని మనుషుల్ని చూశాను గానీ, యంత్రాల్లో కూడా ఉంటారని నాకు తెలియదు. ఎటు తిప్పినా బలం అలాగే ఉంది, గుణం రాలేదు.

అప్పుడు దిక్కుల చర్చ మొదలైంది. మా ఆయన సముద్రానికి ఎదురుగా నిలబడ్డారు. "ఇది తూర్పు. తూర్పుకి మొహం పెడితే కుడిసెయ్యి దక్షిణం. అటు తిప్పీ" అని కుడిచెయ్యి చాపారు. అంటే ఒడ్డు వెంబడి, ఊరివైపు. తమ్ముడు అటు తిప్పాడు. రాలేదు. తమ్ముడు ఫోనులో దిక్సూచి తెరిచాడు. డబ్బా మీద ఆ మూల పెడితే ఉత్తరం ఒకవైపు, ఈ మూల పెడితే ఇంకోవైపు, తలుపు దగ్గర పెడితే గిర్రున తిరిగింది. ఆ ఇనుము దగ్గర ఉత్తరం ఎక్కడ పడితే అక్కడే ఉంది. దూరంగా ఇసుకలోకి వెళ్ళి చూడమన్నాను. వెళ్ళాడు. అక్కడినుంచి కేకేశాడు.

"బావా, సముద్రం ఆగ్నేయంలో ఉందంతంది."

"ఫోను పాడైపోనాది" అన్నారు మా ఆయన వెంటనే. "తూర్పు కోస్తా అని ఎందుకన్నారు మరి? బంగాళాఖాతం తూర్పున ఉందని సిన్నప్పుడు సదవనేదేటి?"

"అవును బావా" అని వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నేను కూడా ఫోనే పాడైందనుకున్నాను. విశాఖపట్నంలో పుట్టినవాళ్ళకి సముద్రం అంటే తూర్పు. దారి చెప్పినా, ఇంటికి గుమ్మం పెట్టినా అదే లెక్క. దాన్ని ఒక ఫోను వచ్చి మార్చేస్తుందా?

చివరికి పక్కనున్న పల్లెలో ఇళ్ళ మీద డిష్‌లు ఎటు చూస్తున్నాయో చూసి రమ్మని తమ్ముణ్ణి పంపాం. వాడు ఇంకా అయోమయంగా తిరిగొచ్చాడు. రెండే ఉన్నాయట. ఒకటి అటు, ఒకటి ఇటు, సరుగుడు తోటలోంచి తిరిగొచ్చేసరికి ఆ అటు ఎటో వాడికే తెలియలేదు. రెండోది ఎందుకలా ఉందని ఆ ఇంటావిణ్ణి అడిగితే, "మా టీవీ పోయి ఎన్నాళ్ళో అయ్యింది బాబూ. దాన్లో సేపలు ఎండబెట్టుకుంటన్నాం" అందట.

"ఫోన్లో సూసుకోవచ్చేమో" అన్నారు మా ఆయన నెమ్మదిగా. ఆ ఒడ్డున ఫోనులో మాట వినపడడమే గగనం, బొమ్మ ఎక్కడినుంచి వస్తుంది. పైగా నాకు ఒళ్ళు మండింది. "మీ గీతలు, మీ దిక్కులు మీరే సూసుకోండి. ఇంటికాడ ఉంటే హాయిగా సూసుకుందును" అని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. బయట వాళ్ళిద్దరూ డిష్‌ని ఇంకా చాలాసేపు బిగిస్తూ, వదులు చేస్తూనే ఉన్నారు.

పొద్దున్నే నేనే ముందు లేచాను. మబ్బు విడిపోయింది. గ్లాసులో టీ పోసుకుని, సముద్రానికి ఎదురుగా ఇసుకలో కూర్చున్నాను. కాసేపటికి నా ఎడమ చెంప వెచ్చబడింది. తిరిగి చూస్తే సూర్యుడు. ఎదురుగా కాదు, బాగా ఎడమకి, పడవలు లాగి పెట్టిన చోటుకి పైన.

నాకు ఈస్టరు గుర్తొచ్చింది. ప్రతి ఏడూ ఈస్టరు తెల్లవారుజామున మా సంఘమంతా బీచికి వెళ్ళి, సముద్రంవైపు మొహాలు పెట్టి ఆరాధన చేస్తాం. తూర్పు చూడాలని అలా నిలబడతాం. ప్రతి ఏడూ పాట సగంలో ఉండగా సూర్యుడొస్తాడు, ప్రతి ఏడూ ఎడమ చివర నిలబడ్డ ఆడవాళ్ళు పాటల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళ కళ్ళలో పడుతోందని మేం నవ్వుకుంటాం. సూర్యుడు పక్కనుంచి వస్తున్నాడని ఒక్కరికీ తట్టలేదు. ఇన్నేళ్ళు తూర్పు చూస్తున్నామనుకుని మేం వేరే దిక్కు చూస్తూ పాడామన్నమాట. దేవుడు ఏమనుకున్నాడో గానీ, నాకు ఒక్క క్షణం కాళ్ళకింద ఇసుక కదిలినట్టయింది.

వెళ్ళి మా ఆయన్ని లేపాను. "సూర్యుడొచ్చీదే కదా తూర్పు?"

"అవును."

"అయితే సూడండి."

ఆయన కళ్ళు నులుముకుని సూర్యుణ్ణి చూశారు, సముద్రాన్ని చూశారు. "మరి సముద్రం ఎటున్నట్టు?" అని నన్నే అడిగారు. నాకేం తెలుసు? సూర్యుడు ఎడమకి జరిగాడంటే దక్షిణం కూడా ఎడమకి జరగాలి కదా అన్నాను. నిన్న ఆయన చాపిన కుడిచేతికీ, సముద్రానికీ మధ్యలో ఉండాలి. కరెక్టో కాదో నాకూ తెలియదు. తమ్ముడు ఇంకా గురక పెడుతున్నాడు. పాట టైము దగ్గర పడుతోంది. వాళ్ళకి చెప్పి చేయించే ఓపిక లేక చీర కుచ్చెళ్ళు దోపుకుని నేనే నిచ్చెనెక్కి, డిష్‌ని రెండు చేతులతో పట్టుకుని సముద్రంవైపు కొద్దికొద్దిగా లాగాను.

"నేదు. నేదు. ఆగు, ఆగు. వొచ్చీసింది" అన్నారు మా ఆయన.

చెయ్యి తీశాను.

"పోనాది."

రాత్రంతా బిగించి వదులు చేసి బోల్టుకి మర అరగదీశారు. ఎంత తిప్పినా పట్టడం లేదు. సముద్రపు గాలికి డిష్ తలాడిస్తోంది. నేను పట్టుకుంటే బొమ్మ ఉంటోంది, వదిలితే పోతోంది. తమ్ముడు లేచొచ్చి, నువ్వు దిగప్పా, నేను పట్టుకుంటానన్నాడు. చేతులు మారేసరికి బొమ్మ మళ్ళీ పోయింది, మళ్ళీ వెతుక్కోవలసి వచ్చింది. మళ్ళీ నా చేతికే దొరికింది. ఇంతలో లోపలినుంచి మా మాస్టారి కీబోర్డు వినిపించింది. కార్యక్రమం మొదలైపోయింది.

"కదలకు" అన్నారు మా ఆయన. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

కదల్లేదు. చేతులు లాగేస్తున్నాయి, కళ్ళల్లో ఎండ. కింద డబ్బాలో మా సంఘమంతా పాడుతోంది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. తరవాత ఒక సన్నటి గొంతు ఒక్కటే వచ్చింది. అది నాదని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. నాకు తెలిసిన నా గొంతు అంత సన్నం కాదు. ఏం చూపిస్తున్నారు, నన్నే చూపిస్తున్నారా అని అరవాలనిపించింది. అరిస్తే పాట వినపడదని ఊరుకున్నాను. రెండో చరణం అయిపోయింది. అందరూ కలిశారు. నేను డిష్ వదిలేశాను.

కిందికి దిగేసరికి ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. "కనపడ్డానా?" అని అడిగాను.

"ఎందుకు కనపడవప్పా. బెమ్మాండంగా ఉన్నావు" అన్నాడు తమ్ముడు.

"చీర ఏ రంగు కనపడింది?"

"నీలం" అన్నారు మా ఆయన. "గులాబీ" అన్నాడు తమ్ముడు, అదే క్షణంలో.

నేను లోపలికెళ్ళి మళ్ళీ టీ పెట్టాను. నా చరణం వస్తున్నప్పుడు బహుశా చర్చి గోపురమో, ప్రసంగ పీఠం మీద పూలో చూపించి ఉంటారు, నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక వీళ్ళు అబద్ధమాడారు అనుకున్నాను. అలాగని ఖాయంగా చెప్పలేను. మా పెళ్ళి చీర రంగు అడిగినా మా ఆయన తప్పే చెబుతారు. తమ్ముడికి రంగులంటే సిగ్నలు దీపాల రంగులే. బాధగా ఉంది, దేనికి బాధపడాలో కూడా తేలడం లేదు.

తిరుగు ప్రయాణంలో తమ్ముడు జీపు నడుపుతున్నాడు, నేనూ మా ఆయనా వెనక కూర్చున్నాం. భీమిలి దాటాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"పాటలో పై సొరం ఎత్తుకునీ ముందర నువ్వు కళ్ళు మూసుకుంతావు. కుడిసెయ్యి పైట కొంగు మీద పెట్టుకుంతావు. అప్పుడు బాగుంతావు."

నేను అలా చేస్తానని నాకు తెలియదు. ఇప్పుడు పాడేటప్పుడు చూసుకుంటే నిజమే, చెయ్యి అక్కడికే వెళుతోంది. ఆయన అది ఆ పొద్దున టీవీలో చూసి చెప్పారో, ఇన్నేళ్ళూ బెంచీలో కూర్చుని కొప్పుల సందుల్లోంచి స్తంభం పక్కకి చూసి చెప్పారో నాకు తెలియదు. చానెల్ వాళ్ళు ఆ పాట ఫోనులో కూడా పెట్టారట. నేను వెతకలేదు, ఆయన్ని అడగనూ లేదు. వచ్చే ఆదివారం మాస్టారు ముందు వరుసలోకి రమ్మన్నా నేను నా స్తంభం పక్కనే నిలబడతాను.