మా పెదనాయన తిట్టిన ప్రేమికులు

మా పెదనాయన ఇంద్రసేనయ్య ప్రేమ నవలల్లోని నాయకుణ్ణీ నాయికనూ తిట్టకుండా ఒక్క పేజీ తిప్పి ఎరగడు. ఆదోనిలో దూది వ్యాపారం ఆయనది. అంగట్లో పరుపు మీద బోర్లా పడుకుని ఆయన నవల చదువుతుంటే, బేరానికి వచ్చిన రైతులు తమనే తిడుతున్నాడనుకుని వాకిట్లోంచే వెనక్కు తిరిగేవారు.

"ఏమిరా, ఒక్క మాట అడిగితే నోట్లో ముత్యాలు రాల్తాయా?" అని పుస్తకంలోని నాయకుణ్ణి గద్దించేవాడు. నాయిక మూర్ఛపోతే మరీ కోపం. "నాలుగు పేజీలకు ఒకతూరి పడిపోతాంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు?"

మా పెద్దమ్మ తులసమ్మ విసుక్కునేది. "అంత మంటగా ఉంటే ఆ పుస్తకం అవతల పారేయకూడదా?"

"బలే దానివే! నడిమధ్యలో పారేస్తే ఆ పిల్ల గతేం గావాల?"

తిడుతూ తిడుతూనే కళ్ళు తుడుచుకునేవాడు. అడిగితే దూది నలుసు పడిందనేవాడు. తిట్లు నోటితో ఆగేవా? మూటల మీద గుర్తులు పెట్టే పెన్సిలుతో పేజీల అంచుల్లో కూడా రాసేవాడు. ఆయన చదివి ఇచ్చిన పుస్తకాలకు గ్రంథాలయంలో గిరాకీ ఎక్కువ. కథ కంటే తిట్లే బాగుంటాయని జనం చెప్పుకునేవారు.

1938లో నా పెళ్ళికి చిక్కు వచ్చిపడింది. ఎమ్మిగనూరు హనుమంతరాయుడితో తాంబూలాలు అయిపోయాయి. శ్రావణంలో ఉరుకుంద జాతరలో రెండు కుటుంబాలూ కలిసి ముహూర్తం పెట్టుకోవాలి. మేము గుడి ముందు పొద్దుగూకే దాకా నిలబడ్డాం. వాళ్ళు రాలేదు. ఆ తర్వాత రెండు నెలలైనా కబురు లేదు.

"నువ్వే పోయి అడగరాదా నాయనా?" అన్నాను, సిగ్గు విడిచి.

మా నాయన శేషాద్రిదీ దూది వ్యాపారమే. ఆ బేరాల్లో ముందు నోరు తెరిచి ధర చెప్పినవాడు ఓడిపోయినట్టే. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. "మనం ముందు అడిగితే లోకువైపోతామమ్మా. వాళ్ళనే అడగనీ."

ఇంతలో వాళ్ళు మాధవరంలో ఇంకో పిల్లను చూస్తున్నారని తెలిసింది. నాకు అన్నం సయించలేదు. హనుమంతరాయుణ్ణి తాంబూలాల నాడు ఓరకంట చూశానంతే, అయినా నాకు ఆ మనిషే కావాలి.

ఆ రోజుల్లో పెదనాయన కొత్త నవలలో మునిగి ఉన్నాడు. అందులో నాయిక ఎవరో మగమనిషితో మాట్లాడుతుంటే నాయకుడు చూసి, ఉలుకూ పలుకూ లేకుండా మద్రాసు రైలెక్కుతాడు. ఆ మగమనిషి ఆమె అన్న అని ఊరందరికీ తెలుసు, నాయకుడికి తప్ప. మూడు రోజులు మా వీధి వీధంతా ఆ తిట్లు విన్నది. నాలుగో రోజు అంగడి తెరవలేదు. మొదటి బస్సుకే ఎక్కడికో పోయాడని పెద్దమ్మ చెప్పింది.

సాయంత్రం వీధి మొదట్లోంచే కేక. "లచ్చిమీ! నీ పెండ్లి కార్తీకంలోనేనమ్మా!"

నాయన వాకిట్లోకి పరుగెత్తాడు. "యాడికి పోయినావన్నా?"

"ఎమ్మిగనూరికి. ఏమప్పా, మావాళ్ళు గుడి కాడ నిలబడితే మీరు యాడికి పోయినారని అడిగితి. బస్సులు నిలిచే కాడ సీకటి పడేదాకా ఉంటిమి, మీవాళ్ళే రాలేదన్నారు. రెండిటికీ మధ్య నూరడుగులు లేదు కదరా!"

"మరి మాధవరం పిల్ల?"

"ఆ పిల్లను సూసింది వాళ్ళ సిన్నోనికంట. హనుమంతరాయుడు మన లచ్చిమే వద్దన్నదేమోనని ముద్ద దిగక సగమైనాడు. నీకు నోరు లేదా అని వానికి కూడా పెట్టినాను నాలుగు!"

హమ్మయ్య! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పెద్దమ్మ బొరుగులతో చేసిన ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

"ఇంద, ఇంక నువ్వు సదువుకో" అని పెదనాయన ఆ నవల నా చేతిలో పెట్టాడు. నేను ముందు ఆఖరి పేజీ తిప్పాను. నాయకుడు తిరిగొచ్చేసరికి నాయిక చచ్చిపోయింది. దాని కింద పెన్సిలు రాత:

"థూ! అడగని పాపానికి బంగారట్లా పిల్ల సచ్చె. పుస్తకంలో అయితే అయింది, మా లచ్చిమికి కానియ్యను. రేపు మొదటి బస్సుకు ఎమ్మిగనూరు."

ఆ కిందనే ఇంకో ముక్క:

"ఈ రచయితకు మతి లేదు. ఈయప్ప రాసిన నవలలు ఇంకా ఏమున్నాయో గ్రంథాలయంలో అడగాల."