ఎనిమిదో మరక

పిచ్చుకకు సైతం గూడు చూపించే దేవునికి ముందుగా స్తోత్రం. వాన కురిపించేవాడూ ఆయనే, ఆ వాన ఏ గోడలోకి ఎటునుంచి దిగిందో ఎరిగినవాడూ ఆయనే. ఆయన కంటికి మరుగైన గది ఏదీ లేదు గనుక ఆయన నామానికే మహిమ.

ఆ రోజుల్లో మాకు భయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పెళ్లయి రెండేళ్లు. బెంగుళూరు మహదేవపురలో అద్దె ఇల్లు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో చిన్న ఉద్యోగిని, మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరం నోరు కట్టుకుని దాచుకున్నదంతా తీసుకెళ్లి పదకొండేళ్ల పాత ఫ్లాటు ఒకదాని మీద పెట్టబోతున్నాం. రెండు బెడ్‌రూములు, మూడో అంతస్తు, వంటింటి కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్టు తల. (ఆ చెట్టును చూసే మా ఆవిడ ఒప్పుకుంది. ఇంట్లో మిగతావేవీ ఆమె సరిగా చూడలేదని నా అనుమానం.) ఓనరు మంచివాడే గానీ తొందరమనిషి. శుక్రవారం అగ్రిమెంటు రాసుకోకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. రాసుకున్నాక ఏ లోపం బయటపడినా అది మాదే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడి కథ సండే స్కూల్లో యాక్షన్‌తో సహా పాడినవాణ్ని. ఆ ఇల్లు కూలే చోట అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా నేనే.

కొనేముందు ఇంటిని పరీక్ష చేసిపెట్టేవాళ్లు ఉంటారని ఆఫీసులో ఎవరో చెబితే ఒకాయనకు ఫోన్ చేశాను. కోలారు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడాడు.

"ఎంత తీసుకుంటారండీ?"

"ఇల్లు ఎంత పెద్దది సార్? ఎన్నేండ్లది? బాత్‌రూములు ఎన్ని?"

పెళ్లిసంబంధానికి వచ్చినవాళ్లు అడిగినట్టే అడిగాడు. చదరపు అడుగుల మీద ఒక రేటు. పాతదైతే పైన కొంచెం. బాత్‌రూము బాత్‌రూముకూ కొంచెం. తేమ కొలిచే మీటరు వేరే, గోడ లోపలి చల్లదనం చూపించే కెమెరా ఇంకా వేరే. రిపేరయ్యాక మళ్లీ వచ్చి చూడాలంటే సగం. ఆయన ఒక్కొక్కటీ చెబుతుంటే నేను వేళ్ల మీద కూడుకుంటూ పోయాను.

"అవేమీ వద్దండీ. మీరు ఊరికే మీ కళ్లతో చూస్తే ఎంత?"

"కండ్లూ, సుత్తీ అయితే ఆరు వేలు సార్."

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని ప్రభువు అడిగిన మాట గుర్తొచ్చి కూర్చున్నాను. మోషే కాలంలో గోడ మీద బూజులాంటి పచ్చటి పొడ కనబడితే యాజకుడే వచ్చి చూసేవాడు. ఏడు రోజులు ఇల్లు మూసిపెట్టి మళ్లీ వచ్చేవాడు. రెండోసారికి సగం పుచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. అయినా ఆ కాలం వేరు కదా అనుకుని కళ్లకూ సుత్తికీ ఒప్పుకున్నాను, బుధవారానికి.

ఈ సంగతి ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని నూనె ఆంటీకి చెప్పడమే నేను చేసిన పని. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ప్రార్థన చేసిన నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది, అందుకే ఆ పేరు. బెంగుళూరులోనే పుట్టి పెరిగిన మనిషి. జ్వరమొచ్చినా, పరీక్షలొచ్చినా, స్కూటరు స్టార్టు కాకపోయినా ఆ సీసా బయటికొస్తుంది.

"డబ్బులిచ్చి పరాయోనికి చూపిస్తావా అప్పా? ముందు దేవునికి చూపించు. తాళం యాడుండాది?"

తాళం నా దగ్గరే ఉంది, కొలతలు తీసుకుంటానని ఓనరును అడిగి తెచ్చాను. ఆ సాయంత్రమే ఆంటీ, మా ఆవిడ, నేను ముగ్గురం ఖాళీ ఫ్లాటులో నిలబడ్డాం. ఆంటీ ప్రార్థన అంటే ముప్పావుగంటకు తక్కువ ఉండదు. లోకం పుట్టిన దగ్గర మొదలుపెట్టి మా మూడో అంతస్తు దాకా రావాలి కదా. నేనూ మా ఆవిడా హాల్లో కళ్లు మూసుకుని నిలబడ్డాం. ఆవిడ గొంతు మాత్రం వంటింట్లోకీ, బెడ్‌రూముల్లోకీ, బాల్కనీ దాకా వెళ్లొచ్చింది. నడుస్తూ ప్రార్థిస్తోందనుకున్నాను. ప్రార్థనలో కళ్లు తెరవకూడదని చిన్నప్పుడు నేర్పారు, నేను తెరవలేదు, ఆమేన్ అనేసరికి గదుల్లో చీకటి పడింది. అంత భక్తి ఆ రోజు అక్కర్లేకపోయింది.

బుధవారం ఉదయం పరీక్షకుడు వచ్చాడు, టార్చి, చిన్న సుత్తి, ఒక సంచి. టైల్సు మీద టకటకా కొడుతూ, వైద్యుడు ఛాతీ మీద తట్టినట్టు చెవి ఒగ్గి విన్నాడు. గట్టివే అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. తరవాత గోడ మీదికి టార్చి తిప్పాడు.

"ఇదేంది సార్?"

తలుపు పక్కన, భుజమెత్తున, అరచేయంత నల్లటి మరక. వంటింట్లో ఇంకోటి. బెడ్‌రూముల్లో, బాల్కనీ తలుపు దగ్గర, అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తున. పరీక్షకుడు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు. ఎనిమిది.

"పద్నాలుగేండ్ల నుంచి చూస్తా ఉండాను, ఇట్లా ఇల్లంతా ఒకే వరసలో నీరు దిగింది చూళ్లేదు. గోడల్లో పైపు ఏమన్నా అడ్డంగా పోయిందేమో. మీటరు పెట్టాల, కెమెరా పెట్టాల. ఆరు వేలల్లో అయ్యే పని కాదు సార్ ఇది."

డ్యూటీలో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేశాను.

"ఇల్లంతా నీరు దిగుతోందట."

"కొబ్బరిచెట్టు వైపు కూడానా?" అంది. తరవాత గొంతు తగ్గించి, "ఏమండీ, వదిలేద్దామా?" అంది. ఆ గొంతు వినలేకపోయాను.

ఇక మిగిలింది ఆంటీ. ప్రార్థించమని అడుగుదామని ఫోన్ చేసి, ఏడుపు ఒక్కటే తక్కువగా, అంతా చెప్పాను.

"మరకలు యాడుండాయి?"

"తలుపుల పక్కన ఆంటీ. భుజమెత్తున. ప్రతి గదిలో."

"అయ్యో, అది నా నూనే కదప్పా. ఆదివారం పూస్తిని. నువ్వు చూళ్లేదా?"

"నేను కళ్లు మూసుకున్నాను కదా ఆంటీ."

స్పీకరులో అంతా విన్న పరీక్షకుడు వెళ్లి ఒక మరకను బొటనవేలితో రుద్ది వాసన చూశాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు, అదే నాకు మరీ సిగ్గనిపించింది. సిగ్గును మించిన సంతోషంలో, "అంతా నూనేనట సార్, మీ ఆరు వేలు తీసుకోండి" అంటూ జేబులో చేయి పెట్టాను. ఆంటీ ఇంకా ఫోన్లోనే ఉంది.

"ఏడు చోట్ల పూస్తిని. ఎప్పుడూ ఏడే. యెరికో చుట్టూ ఏడు దినాలు తిరగలేదా, అట్ల. చూసుకో, సరిగ్గా ఏడుంటాయి."

పరీక్షకుడు పుస్తకం చూశాడు. నేను ఆయన్ని చూశాను.

"ఎనిమిది రాసుకున్నా సార్."

మళ్లీ ప్రతి గోడనూ రుద్ది వాసన చూస్తూ తిరిగాం, ఈసారి ఇద్దరం. ఏడు నూనె వాసన వేశాయి. వెనక బెడ్‌రూములో, బాత్‌రూము గోడకు ఇవతల, మిగతావాటికి బెత్తెడు కిందగా ఉన్నది మాత్రం వెయ్యలేదు. దాన్ని ముట్టుకుంటే చల్లగా ఉంది.

"మీటరు ఈ ఒక్క గోడకు పెడితే ఎంత?" అన్నాను.

"ఒక్క గోడకు రేటే లేదు సార్." కాస్త ఆలోచించి, "ఐదు నూర్లు ఇయ్యండి. మీ ఆంటీ మొహం చూసి" అన్నాడు, ఆవిడ మొహం ఆయన ఎన్నడూ చూడకపోయినా. మీటరు గోడకు ఆనించగానే, లోపల తేమ ఉందని కుయ్యిమంది.

పరీక్షకుడు రాసిచ్చిన కాగితం చూశాక ఓనరు శుక్రవారం మాట ఎత్తలేదు. బాత్‌రూము గోడలో కారుతున్న పైపు ఆయనే మార్పించి, గోడ ఆరేదాకా రెండు వారాలు ఆగి అగ్రిమెంటు రాశాడు. పరీక్షకుణ్ని మళ్లీ పిలిచి చూపించాను. సగం తీసుకున్నాడు.

ఇప్పుడు సంఘంలో ఎవరు ఇల్లు కొంటున్నా, పరీక్షకు ఎంతవుతుందని నన్నే అడుగుతారు. విస్తీర్ణం, వయసు, బాత్‌రూములు, మీటరు అని గడగడా చెబుతాను. ముందుగా అక్కడ ఎవరు ప్రార్థన చేశారో కూడా అడుగుతాను. మీటరు ఖర్చు మిగుల్చుకోవాలని ఇంటినే పోగొట్టుకోబోయిన అప్పటి నాలోని కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. రెండుసార్లు రంగు వేయించినా హాల్లోని నూనె మరక మళ్లీ తేలింది, అలాగే ఉంచేశాం. మొన్న వచ్చినప్పుడు ఆంటీ దాన్ని తాకబోయింది. చేయి అందక బెత్తెడు కిందే ఆగిపోయింది. నడుము అంత వంగింది.

ప్రియులారా, ఆవిడ నడుము కోసం, మోకాళ్ల కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఈ వారం ఎక్కడో సంతకం పెట్టబోతూ అన్నం సయించని జంట కోసం కూడా. కళ్లు మూసుకోండి. ఎవరైనా గోడల వెంట నడుస్తున్న చప్పుడు వినబడితే మాత్రం ఒక కన్ను తెరిచి లెక్కపెట్టుకోండి, దేవుడు ఏమీ అనుకోడు. ఆమేన్.