డెత్ మెటల్ గాయకుడికి పసుపు కొమ్ములు

ఈ రోజు కమ్మర్‌పల్లి నుంచి ఆర్మూర్‌కు షేర్ ఆటోలో వస్తుంటే డ్రైవర్ పెట్టిన క్యాసెట్ తెగిపోయింది. నా దగ్గరున్న డెత్ మెటల్ క్యాసెట్ ఇచ్చాను, గొంతు చించుకుని పాడే రాక్ సంగీతం. లోకంలో ఆ గాయకుడిని మించిన గొంతు లేదని నా గట్టి నమ్మకం. అతను గర్జించడం మొదలుపెట్టాడు.

పక్కన కూర్చున్న అవ్వ జాలిపడింది. "గొంతు పట్టుకపోయింది పాపం. పాలల్ల పసుపేస్కొని తాగుమను."

"గొంతు మంచిగనే ఉందవ్వా. కావాల్నని గట్ల పాడుతడు," అన్నాను.

"కావాల్నని ఎవలు గట్ల ఒర్రుతరు బిడ్డ? నీకు చెప్తలేడు, గంతే."

దిగేటప్పుడు మూటలోంచి పసుపు కొమ్ములు తీసి, అతనికి ఇమ్మని నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి మళ్లీ విన్నాను. రెండో పాటలో నిజంగానే దగ్గినట్టుంది. ఆయన అడ్రస్ ఎవరికైనా తెలుసా?