లాయర్ల కంపెనీకి పెరుగు వడ్డించాను

ఈ ముచ్చట ఇంతకు ముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు గనక. జుట్టు నెరిశాక, సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను వంట చేసే ఇంట్లో, మేడంగారు అక్షరాలు నేర్పారు. నేర్చుకున్న కొత్తలో ఆ అక్షరాలతోనే ఆవిడ ఉద్యోగం ఊడగొట్టబోయాను. వినండి.

మేడంగారు పనిచేసేది లాయర్ల కంపెనీలో. షేర్ మార్కెట్లో కూడా ఉందట. ఊరూరా చిన్న చిన్న లాయర్ల ఆఫీసులను కొని కలిపేసుకుంటూ, పెళ్లి పంక్తిలో కూర్చున్న బావగారిలా ఒళ్లు పెంచింది. ఒళ్లయితే పెరిగింది గానీ లాభం చిక్కిపోయింది, షేరు ధర పడిపోయింది. ఇక ఏ ఆఫీసు మూసేయాలో చూసుకోవడానికి లండన్ నుంచి పెద్దాయన వస్తున్నాడు. భోజనం మా ఇంట్లో. ఖోబర్ ఆఫీసు మూస్తే మేడంగారి ఉద్యోగం పోతుంది, దాని వెనకే నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కూడా.

బిర్యానీకి మాంసం నానబెట్టి, ఫోన్లో అడిగాను: "ఆయనకేం కావాలండీ?"

నాకు చదవడం అలవాటవ్వాలని, మేడంగారు ఎప్పటిలాగే తెలుగులో రాసి పంపారు: "ఆయనకు కావలసింది పెరుగుదల ఒక్కటే. పోయినేడాది కంటే ఎక్కువ చూపించాలి."

ఫోను తెర మీద 'పెరుగు' పై వరసలో ఆగిపోయింది, 'దల' కింది వరసలోకి జారింది. దల అంటే? దాల్! పాపం, తొందరలో దీర్ఘమూ పొల్లూ మరిచిపోయారు. గురువుగారి తప్పు నేనే దిద్దేశాను. అబ్బ, ఏం గర్వమో!

మాంసం ఫ్రిజ్‌లోకి పోయింది. వీధి చివరి బకాలా కొట్లో ఉన్న పెరుగు డబ్బాలన్నీ తెప్పించాను. పప్పు ఎంత వండానంటే, ఆ పెద్దాయన కంపెనీ మొత్తాన్నీ వెంటేసుకొచ్చినా మిగిలేది.

అతిథి కూర్చున్నాడు. మేడంగారు మూతలు తీశారు.

"పిన్నీ, బిర్యానీ ఏది?"

"మీరేగా ఆయనకు పెరుగూ దాలూ మాత్రమే అన్నారు!"

"నేనెప్పుడన్నాను?"

ఫోను చూపించాను. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "అది పెరుగుదల పిన్నీ! కంపెనీ పెరగడం! గ్రోత్!"

"మరి పోయినేడాది కంటే ఎక్కువే చేశానండీ."

ఏమైందని పెద్దాయన అడిగాడు. మేడంగారు ఇంగ్లీషులో చెబుతుంటే, నా ఇకామా కిటికీలోంచి ఎగిరిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, మారు పెరుగు వేయించుకుని ఏదో అన్నాడు.

"ఏమంటున్నారండీ?"

"ఇదైతే అరుగుతుందట పిన్నీ. కొన్న ఆఫీసులే అరగట్లేదట."

ఖోబర్ సంగతి మాత్రం రేపు చెబుతానని వెళ్లిపోయాడు.

స్టవ్ మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను (ఆర్పాకే లెండి): ఈ జన్మలో గురువు రాసింది దిద్దను, మాట చివరిదాకా చదవకుండా మంట వెలిగించను.

తెల్లారేసరికి పక్క గదిలోంచి మేడంగారి మెసేజి. "ఆఫీసు మూయరు." కూడబలుక్కుని చదివాను. మళ్లీ చదివాను. అయినా నా చదువు మీద నాకే నమ్మకం లేదు. పరుగున వెళ్లి తలుపు తట్టాను.

"మేడంగారూ, ఈ ఒక్క ముక్కా మీ నోటితో అనండి!"